గులాబీ ఎందుకు విచ్చుకుందో తెలియని రెండో భాగం

మా చిన్నప్పుడు ఇంట్లోవాళ్లం కలిసి తీసిన ఉత్తుత్తి డాక్యుమెంటరీకి రెండో భాగం నిన్న సాయంత్రం ఆరింటికి కొండాపూర్‌లోని ఒక స్టూడియోలో చూశాను. అందులో మా యాదమ్మత్తను నవ్వులపాలు చేశారు... ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా.

మొదటిది మా మల్లేశ్ చిన్నాయన తీశాడు. ఆయనది పెళ్లి వీడియోల పని. అప్పట్లో మా బస్తీలో ఒక నీళ్ల ట్యాంకు ఉండేది... కట్టారు, రిబ్బన్ కత్తిరించారు, చుక్క నీరు రాలేదు. ఆ ట్యాంకు సాధించిన విజయాల మీద గంభీరంగా ఒక వార్తా చిత్రం తీయాలని చిన్నాయన ఆలోచన. విలేకరిని నేను. వయసు పదేళ్లు. మైకు... నల్లగుడ్డ చుట్టిన తెడ్డు.

ట్యాంకు ఎట్లున్నదని అడిగితే యాదమ్మత్త చంకలో ఖాళీ బిందె దించకుండానే చెప్పింది.

"మస్తున్నది బిడ్డా. ఎండకాలం దాని నీడకే కూసుంటం. నీళ్లంటవా... గవి ఇంకో ఊర్ల ఉంటయి."

ఆ ఊపులో నీళ్ల ఆఫీసరును ఒక మాట తిట్టింది కూడా.

చిన్నాయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ క్యాసెట్ అయినా, అందులో కనిపించినవాళ్లకే ముందు చూపించేవాడు. వాళ్లు వద్దన్న ముక్క ఉంచేవాడు కాదు. మా వాకిట్లో టీవీ పెట్టి చూపించగానే యాదమ్మత్త కంగారుపడింది.

"ఆ తిట్టు తీసెయ్ మల్లేశూ. రేపు మల్ల బిందె పట్టుకొని ఆయన ముందటికే పోవాలె."

ఆయన దగ్గర ఉన్నవి పెళ్లి వీడియోల హంగులే. తిట్టు వచ్చేచోట ఆమె ముఖం మీద పెద్ద గులాబీ విచ్చుకునేలా పెట్టాడు... మాట వినబడకుండా వెనక సన్నాయి. బస్తీ అంతా అక్కడే పడీ పడీ నవ్వింది. అందరికంటే గట్టిగా యాదమ్మత్తే.

చిన్నాయన ఇప్పుడు లేడు. రెండో భాగం తీసింది ఆయన కొడుకు శ్రీను. ట్యాంకు పోయి, ఆ చోట అపార్ట్‌మెంట్లు, ఈతకొలను వచ్చాయి. కథ అక్కడ. నిడివి ఇరవై రెండు నిమిషాలు. యాదమ్మ అనే పేరుతోనే ఒక నటి, తలకు తెల్లరంగు, చంకలో బిందె. లిఫ్టుకు దణ్ణం పెడుతుంది. కాఫీ మిషన్ కింద బిందె పెడుతుంది. నాలుగుసార్లు జారిపడుతుంది. పడిన ప్రతిసారీ ముఖం మీద గులాబీ... నీళ్లెందుకు రాలేదన్న ప్రశ్న మాత్రం ఒక్కసారి కూడా లేదు.

అసలు యాదమ్మత్త పదేళ్లుగా ఆ అపార్ట్‌మెంట్లలోనే మూడో అంతస్తులో ఉంటోంది. లిఫ్టు ఆగితే మెకానిక్‌కు ఫోన్ చేసేది ఆమే.

నాకు రోత పుట్టింది. లైట్లు వేశాక శ్రీనును అడిగాను, అత్తకు చూపించావా అని.

"ఆదివారం షోకు చీఫ్ గెస్ట్ ఆమెనే గదన్నా. డైరెక్ట్ స్టేజీ మీదనే చూస్తది. సర్‌ప్రైజ్!"

"మీ నాయిన అట్ల చేసిండారా ఎప్పుడన్నా?"

"కామెడీ అన్నా... జర లైట్ తీస్కో."

అక్కడినుంచే అత్తకు ఫోన్ చేశాను. ఆమె ఆకుపచ్చ చీర అప్పటికే ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. నేను చూసింది చూసినట్టు చెప్పాను.

"నాలుగుసార్లు పడ్డనా?"

"నాలుగుసార్లు, అత్తా."

"ముందుగల్ల నాకు చూపియ్యాలె గదా బిడ్డా... ఆ పువ్వు నన్ను కాపాడెతందుకు పెట్టిండు మల్లేశు. వీనికి ఎవ్వలు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేను కూడా. అప్పుడు నవ్వింది నీళ్లియ్యనివాళ్లను చూసి... ఇప్పుడు నవ్వుతున్నది బిందె మోసినవాళ్లను చూసి.

మీ ఇళ్లలోనూ పాత పెళ్లి క్యాసెట్లు ఉంటాయి. ఎవరి పరువు కోసం ఎక్కడ ఏ పువ్వు పడిందో గుర్తుంటే కింద రాయండి... పిల్లలకూ చెప్పండి.

ఆదివారం పదకొండింటికి ఆ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో షో. యాదమ్మత్త వద్దంటే ఆ షో ఉండదని శ్రీను చేత వాట్సాప్‌లో రాయించుకున్నాను. శనివారం నాలుగింటికి ఆమెను కొండాపూర్ స్టూడియోకు తీసుకెళ్తున్నాను. ముందు వరుసలో ఒకే కుర్చీ వేస్తారు... రిమోట్ ఆమె చేతిలో ఉంటుంది.