బాబాయి వదిలే నిమిషం

మొన్నొక ఉదయం మా కోడలు కొత్తగా కొనితెచ్చిన మాట్లాడే డబ్బా ఒకటి, ఎవరూ అడగకుండానే హాలు మూలనుంచి గట్టిగా వార్తలు చదవడం మొదలుపెట్టేసరికి, నా చేతిలో కాఫీ గ్లాసు జారి కింద పడింది. ఏడింటికి మోగేలా తనే పెట్టిందట. ఇన్నేళ్లు కంప్యూటర్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఇంతమాత్రానికే ఉలిక్కిపడడమేమిటని కొడుకూ కోడలూ నవ్వారు. నేను నవ్వలేదు సరికదా, ఇద్దరినీ కసురుకున్నాను. ఏడింటివేళ ఇంట్లో ఒక పెట్టె తనంతట తాను నోరు విప్పితే నాకెందుకు పడదో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి, మౌలాలిలో మేమున్న ఇంటికి వెళ్లాలి.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే, ఏ పెళ్లిలో నలుగురు కలిసినా ఎవరి పిల్లలు ఏ భాష నేర్చుకుంటున్నారన్న ముచ్చటే. నేనూ అమీర్‌పేటలో ఏవో రెండు నేర్చుకుని, ఊరికి ఆ చివరనున్న ఒక కంపెనీలో చేరి, తెల్లారీతెల్లారకముందే రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. నాన్న రైల్వే వైర్‌లెస్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మాది భీమిలి పక్క ఊరు. అక్కడే ఉండిపోయిన బాబాయికీ, ఉద్యోగం కోసం ఇటొచ్చేసిన నాన్నకూ కుర్రతనం నుంచీ రేడియో పిచ్చి. ఇంటినుంచే రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ప్రభుత్వమిచ్చే హ్యామ్ లైసెన్సులు ఇద్దరికీ ఉండేవి. రోజూ పొద్దున్న ఏడింటికి అన్నదమ్ములిద్దరూ గాలిలో కలుసుకుని, అక్కడ వేటకెళ్లిన పడవల సంగతి నుంచి ఇక్కడ మా నీళ్ల ట్యాంకరు రాని సంగతి దాకా చెప్పుకునేవారు. అదే చోట, అంటే రేడియోలో అదే స్టేషను మీద, ఇంకో పదిమంది మిత్రులు కూడా కలిసేవారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, అందరూ ఒకేసారి మైకు నొక్కితే ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట పోయింది, ఎడమచేతి వేళ్లు మాత్రం కాస్త కదిలేవి. వినికిడికీ తెలివికీ ఏమీ కాలేదు. అదే మరీ ఘోరమని నాకనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది. బాబాయికి అప్పుడే గుండె ఆపరేషనైంది, రైలెక్కవద్దన్నారు. ఫోను చేస్తే నాన్న ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడక బాబాయి ఏడ్చేసేవాడు. రేడియోలో అలా కాదు, జవాబు రాకపోవడం అక్కడ మామూలే, గాలి బాగులేక మాట అందలేదనుకోవచ్చు. అందుకని బాబాయి మళ్లీ రేడియోకే వచ్చాడు. తన కబుర్లన్నీ చెప్పి, చివర ఇక నీ వంతన్నట్టు ఓవర్ అని, వెనకటిలాగే అన్నయ్య మాట్లాడడానికని ఒక నిమిషం వదిలేవాడు. ఆ నిమిషంలో మిత్రుల్లో ఒక్కరు కూడా మైకు నొక్కేవారు కాదు. ఎవరూ అనుకుని పెట్టుకున్న నియమం కాదది. నాన్న కళ్లు మూసుకుని ఆ నిమిషమంతా పెదాలు కదిపేవారు. ఆయనకు రోజు మొత్తం మీద మిగిలింది అదొక్కటే.

అయితే రేడియో తిప్పేదెవరు? అమ్మ తిప్పితే గరగరలే వచ్చేవి. నాన్న మిత్రుల్లో ఒకాయన ఉండేవారు, మేం మెట్టుగూడ మామయ్య అనేవాళ్లం. ఆయనే ఉపాయం చెప్పారు. రేడియో వెనక ఒక చిన్న రంధ్రముంటుంది, అక్కణ్ణించి కంప్యూటరుకు ఒక తీగ వేస్తే మీటలతోనే స్టేషను మార్చుకోవచ్చు. అదే తీగ మీద ఎన్ని రేడియోలైనా తగిలించుకోవచ్చు, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది, కంప్యూటరు ఏ నంబరును పిలిస్తే ఆ రేడియో ఒక్కటే మాట వింటుంది. పగలంతా నాన్నను హాల్లో వాలుకుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం కనుక గదిలో ఒకటి, హాల్లో ఒకటి ఉండాలనుకున్నాం. మామయ్య అచ్చం నాన్న రేడియోలాంటిదే ఇంకొకటి తెచ్చి తగిలించారు. నేను ప్రోగ్రాము రాశాను.

దగ్గరుండి చూద్దామని రెండు రోజులు సెలవు కూడా పెట్టాను, కానీ మొదటిరోజే దెబ్బతిన్నాం. నాన్న వేలితో మీట నొక్కారు, కంప్యూటరేమో ఏ రేడియో కనబడడం లేదంది. మళ్లీ నొక్కారు, మళ్లీ అంతే. గోడమీద ఏడు దాటింది, బాబాయి సమయం గరగరల్లోనే గడిచిపోయింది. మాట పోయిననాడు కూడా ఏడవని మనిషి ఆ రోజు కీబోర్డును కిందికి తోసేసి, పసిపిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చారు. సాయంత్రం మామయ్య వచ్చి రెండు పెట్టెలూ తిప్పి చూసి తల పట్టుకున్నారు.

“పరేషాన్ గాకు బిడ్డా. రెండింటికి సుత కంపెనీవోళ్లు ఒకటే నంబర్ ఏసిన్రు. నువ్వు పిలిస్తె రెండూ ఒక్కసారే పలుకుతున్నయ్, ఇంగ ఏం ఇనవడ్తది?”

ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలన్నది గాలిలోనే కాదు, తీగ మీద కూడా వర్తిస్తుందన్నమాట. హాల్లోదానికి నంబరు మార్చాక ఏ గొడవా రాలేదు. మర్నాడు బాబాయి గొంతు వినబడగానే నాన్న నా వైపు చూసిన చూపు, నేను ఆ తర్వాత ఉద్యోగంలో అందుకున్న మెప్పులన్నిటికన్నా ఎక్కువ.

చలికాలం వచ్చేసరికి ఆ వేళ్లు కూడా మొరాయించాయి. సెలవు అయిపోయాక నేనా వేళకు బస్సులో ఉంటాను. అందుకని కంప్యూటరే ఏడింటికి రెండు రేడియోలనూ ఒకదాని తర్వాత ఒకటి లేపి, బాబాయి ఉండే చోటికి తిప్పి, చప్పుడు పెంచేలా రాసి పెట్టాను. ఇక ఎవరూ ఏదీ నొక్కనక్కరలేదు.

నాన్న ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. చుట్టుపక్కలవాళ్లు వచ్చారు, మంచం తీసి హాల్లో చాప మీద పడుకోబెట్టారు, అమ్మ తలదగ్గర దీపం పెట్టింది. బాబాయికి ఒక్కసారిగా చెప్పకూడదనీ, కాస్త ఆగి, సీరియస్‌గా ఉంది రమ్మని ఫోను చేద్దామనీ పెద్దవాళ్లు అనుకున్నారు. మెట్టుగూడ మామయ్య గుమ్మం దగ్గర కూలబడి ఉన్నారు. ఆ ఇంట్లో అందరూ అన్నీ తలుచుకున్నారు గానీ, గదిలో బల్లమీదున్న కంప్యూటరును ఎవరు తలుచుకుంటారు?

ఏడైంది. ముందు ఖాళీ గదిలోంచి, వెంటనే నాన్న తలవైపునున్న రేడియోలోంచి, బాబాయి గొంతు హాలంతా నిండిపోయింది.

“ఏటన్నయ్యా, బాగున్నావా? నిన్న డాక్టరు ఎల్లొచ్చన్నాడు. ఎల్లుండి బండికి నేనూ మీ మరదలూ బయల్దేరతన్నాం. నీకని ఎండు నెత్తళ్లు కట్టించాను, చేపల వాసనని వదిన్ని తిట్టొద్దని చెప్పు...”

మామయ్య ఒక్క ఉదుటున లేచి తీగ లాగబోయారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఉండండి అన్నయ్యా. చెప్పుకోనివ్వండి.”

బాబాయి పడవల సంగతి చెప్పాడు, పెరటి గోడ కూలిన సంగతి చెప్పాడు, చివర ఓవర్ అన్నాడు. నిమిషం మొదలైంది. గాలిలో ఎక్కడెక్కడో ఉన్న మిత్రులంతా ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి ఉండి ఉంటారు. మా హాల్లో ఇరవైమంది నిలబడి ఉన్నా గుడ్డ కదిలిన చప్పుడు లేదు. నేను తెలియకుండానే నాన్న పెదాల వైపు చూశాను. అంత పొడుగాటి నిమిషం నేను మళ్లీ ఎరగను. తర్వాత బాబాయి, సరే అన్నయ్యా, రేపు కలుద్దాం అని వెళ్లిపోయాడు. అప్పుడు ఏడ్చింది అమ్మ.

ఫోను చేశాక ఆ సాయంత్రమే బయల్దేరి మర్నాడు పొద్దున్నకల్లా వచ్చాడు బాబాయి. స్టేషను నుంచి వచ్చే దారిలోనే మామయ్య నిజం చెప్పారట. లోపలికొచ్చి, అన్నగారి కాళ్లు పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి అమ్మ వైపు తిరిగి ఒక్కటే అడిగాడు.

“ఎప్పుడు వదినా?”

జీవితంలో పాలవాడితో కూడా అబద్ధమాడి ఎరగని మా అమ్మ, కళ్లు దించుకోకుండా చెప్పింది.

“నీ కబుర్లన్నీ అయ్యాకే బాబూ.”

బాబాయి తలూపాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు, మళ్లీ ఎప్పుడూ రేడియో ముందు కూర్చోనూ లేదు. నాన్న తన మాట విని, తను వస్తున్నానని తెలిసి పోయారన్న నమ్మకంతోనే ఆ తర్వాత చాలాకాలం బతికి, తనూ వెళ్లిపోయాడు. ఆ వేళ హాల్లో ఉన్న ఇరవైమందిలో ఒక్కరి నోటా వేరే మాట రాలేదు.

ఇవాళ మా బంధువుల్లో ఎవరైనా పోతే, దీపం పెట్టకముందే ఆ కబురు గంటా నిమిషాలతో సహా అందరి ఫోన్లలోకీ చేరిపోతోంది. ఎవరు ఎప్పుడు పంపారో, ఎవరు ఎప్పుడు చూశారో పక్కనే గుర్తులు పడుతున్నాయి. మంచి సదుపాయమే, కాదనను, ఇలాంటివి తయారుచేసే పనిలోనే నేనూ జీతం తిన్నాను. కానీ అమ్మ ఆ రోజు చెప్పిన మాట ఇవాళైతే బాబాయి రైలు దిగేదాకా కూడా నిలిచేది కాదు.