అత్త చేసిన ఎముక

మా మేనత్త పోయిందని మొన్న కుప్పం నుంచి ఫోను వచ్చింది. పుంగనూరులో పశువుల డాక్టరుగా చేసి, రిటైరయ్యాక కుప్పంలో కూతురి దగ్గర ఉండేది. ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆమెను తలుచుకుంటే ఏడుపొక్కటే రాదు మరి.

ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగనివ్వని మనిషి, సాయంత్రమైతే బస్టాండులో ఆమ్లెట్ల బండి ముందు నిలబడేది. గుడ్లకు కాదు, పెంకులకు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారత్తా అంటే, "ఎముకలో ఉండేదీ సున్నమే, పెంకులో ఉండేదీ సున్నమే. నాకు సిగ్గు యాలరా?" అనేది.

విరిగిన ఎముకలో ముక్క పోతే ఆ ఖాళీని పూడ్చే పదార్థం తయారుచేయాలని ఆమె పట్టుదల. తొంభైలలో అలాంటిది పైదేశం నుంచి రావాలి. పశువు కోసం ఎవరు తెప్పిస్తారు? నేను మదనపల్లెలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. పెంకులు కాల్చి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి, మళ్లీ కాల్చి గింజలు చేయడం నా నెత్తిన పడింది. నా ఆదివారాలన్నీ ఆ పెంకులకే పోయాయి. మొదటిసారి మెచ్చుకుంటుందని రాళ్లలాంటి గింజలు పట్టుకెళ్లాను. ఒకటి పంటితో కొరికి ఉమ్మేసింది.

"గట్టిగా ఉంటే సాలనుకుంటాండావా? ఎముక దీన్ని మెల్లగా తినెయ్యాల, ఆ జాగాలో తాను పెరగాల. రాయి పెడితే రాయి మాదిరే ఉండిపోతాది. పో, మళ్లీ చెయ్."

ఒళ్లు మండింది. అయినా చేశాను. చివరికి కుందేళ్ల ఎముకల్లో పెట్టి చూస్తే ఆ గింజలు కుదురుకున్నాయి.

రెండువేల సంవత్సరం దాటాక, సదుం దగ్గరి పల్లె నుంచి ఒక రైతమ్మ తన పుంగనూరు జాతి పెయ్యను ఆటోలో వేసుకొచ్చింది. ట్రాక్టరు ఎక్కి కాలి ఎముక నుజ్జయింది. ఆ పొట్టి జాతిలో ఆమె ఇంట మిగిలింది అదొక్కటే.

"కసాయోడు ఇంటికాడ కూసోనుండాడు డాక్టరమ్మా. కాలొస్తాదా, రాదా?"

"నాకూ తెలీదు. పెద్ద పశువులో ఇదే మొదులు. ఆణ్ణి మాత్రం పొమ్మను" అంది అత్త.

నుజ్జయిన ముక్కలు తీసేసి, ఉక్కు పట్టీ బిగించి, ఖాళీలో మా గింజలు నింపింది. కొన్ని నెలలకు ఎక్స్‌రేలో ఆ చోటు ఎముక నిండినట్టు తెల్లగా కనిపించగానే నేను గంతేశాను. అత్త కసిరింది.

"తెల్లగా ఉంటే అయిపోయిందా? మన ఫ్లోరైడు ఊళ్లల్లో జనం ఎముకలు ఇంతకన్నా తెల్లగా ఉండాయి, పుల్లల మాదిరి ఇరుగుతాండాయి. బరువు మోసినాక మాట్లాడు."

పట్టీ తీసి, కాలు కుదురుకున్నాక ఆ పల్లెకు వెళ్లాం. ఇక పెయ్యను విడిచి చూడాలి. రైతమ్మ తాడు వదలదు. పడితే మళ్లీ విరుగుతుందని భయం.

"వదులమ్మా" అంది అత్త.

తాడు వదిలింది. పెయ్య కాసేపు నిలబడింది. ఉన్నట్టుండి తోక పైకెత్తి, ఎగిరి తన్ని, పక్కనున్న టమాటా తోటలోకి దూరింది. ఊతకర్రలు పడిపోతున్నాయి, పండ్లు చితుకుతున్నాయి. రైతమ్మ మొగుడు అయ్యో నా తోట అని అడ్డం పోబోతే, ఆమె చెయ్యి పట్టి లాగింది.

"తొక్కనీ! దాని కాళ్లతో అది తొక్కుతాండాది, తొక్కనీ!"

మా అత్త అప్పటికే కుచ్చిళ్లు ఎగదోపి తోటలో ఉంది. కళ్లు ఆ కాలి మీదే. టమాటా రసం చీరంతా ఎర్రగా చిందుతుంటే, పెయ్య వెనకాలే సాలు వెంట పరుగెత్తుతూ, ఊరంతా వినేలా అరుస్తోంది:

"సూడ్రా, కుంటలేదు! కుంటలేదురా!"