గోపాలపట్నం పెళ్ళి ఊరేగింపులో మా సంఘం కీర్తన

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, ఆవేశంలో "ఇకమీదట నా ఊపిరి దేవుడికే" అనేశాను. క్లారినెట్టు వాయించేవాణ్ణి గనుక ఆ మాట నాకు బాగా అతికింది. సంఘమంతా ఆమెన్ అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంటికొచ్చాక మా ఆవిడ నా చొక్కా జేబులోంచి బీడీకట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఊపిరంతా ఆయనకిచ్చీసినావు గదా. మరి దీనికేటి మిగిలింది?" అంది.

ఆ పూటతో బీడీ పోయింది. సినిమాలు పెళ్ళిచూపుల నాడే పోయాయి. మిగిలింది బ్యాండుమేళం. పెళ్ళికి ముందు నేను పగలు పోర్టు వర్క్‌షాపులో క్రేన్లకి ఫిట్టరుని, ముహూర్తాల రోజుల్లో పూర్ణా మార్కెట్ వెనక ఒక బ్యాండు షాపులో క్లారినెట్టు వాయించేవాణ్ణి. అక్కడే నేర్చుకున్నాను, అక్కడే చెడిపోయానని మా అత్తగారి అభిప్రాయం. అదీ మానేశాను. క్లారినెట్టు మాత్రం గోపాలపట్నంలో మా సంఘానికి పనికొచ్చింది. అక్కడి హార్మోనియం బొద్దింకల పాలై, ఏ మెట్టు నొక్కినా ఒకటే మూలుగు మూలిగేది. కాబట్టి కీర్తన ఎత్తుకోవడం దగ్గర్నుంచి ఆఖరి ఆమెన్ దాకా నా క్లారినెట్టే దిక్కు.

అలా ఏడెనిమిదేళ్ళు హాయిగా గడిచింది. తర్వాత మా వర్క్‌షాపులో బావకి కష్టమొచ్చింది.

బావంటే చుట్టం కాదు. పోర్టులో మగాళ్ళందరం ఒకరికొకరు బావలమే. ఇతను శ్రీకాకుళం వైపు రైతుల బిడ్డ, నా పక్క బెంచీ మీద పనిచేసేవాడు. అతని తమ్ముడి పెళ్ళి. బుధవారం సాయంత్రం గోపాలపట్నంలో ఊరేగింపు, పెళ్ళికూతురి ఇల్లు సింహాచలం రోడ్డులో. మంగళవారం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండానే నా ఎదురుగా కూలబడ్డాడు.

"బావా, కొంప మునిగిపోయింది. బ్యాండోడికి పన్ను వాసింది."

"ఏ బ్యాండోడికి?"

"క్లారినెట్టోడికి. బుగ్గ చూడు, బన్నురొట్టెలాగుంది. నువ్వొచ్చి వాయించాల."

"నాను మానీసేను బావా. ప్రమాణం సేసేను."

"ఎవుడికి?"

"దేవుడికి."

బావ డబ్బా చంకన పెట్టుకుని లేచాడు. "మరి ఆయన్నడుగు. నాను రేపు పొద్దున్న వత్తాను," అని వెళ్ళిపోయాడు.

దేవుణ్ణి అడిగాను. ఆయన ఏమీ చెప్పలేదు. అందుకని సాయంత్రం పాస్టర్ అయ్యగారి దగ్గరికెళ్ళాను. ఆయన పెరట్లో బెండ మొక్కలకి నీళ్ళు పోస్తూ అంతా విన్నారు.

"కానా ఊళ్ళో పెళ్ళికి ప్రభువు వెళ్ళాడా లేదా?"

"వెళ్ళాడండి."

"ఆ పెళ్ళిలో వాద్యాలు వాయించిందెవరో సువార్తలో రాసుందా?"

"లేదండి."

"లేదంటే బాగానే వాయించి ఉంటారు. చెడగొట్టి ఉంటే ఎవరో ఒకరు రాసేవారు. నువ్వూ అలాగే పేరు రాకుండా వాయించి వచ్చేయ్."

మా ఆవిడ ఈ తీర్పుని ఒప్పుకుంది గానీ షరతులు పెట్టింది. తాగినవాడి చేతి నుంచి సోడా కూడా పుచ్చుకోకూడదు. బూతు పాట వాయించకూడదు. ఆ రెండో షరతుకి నేను నవ్వాను. పాటలో బూతు మాటల్లో ఉంటుంది, క్లారినెట్టుకి మాటలెక్కడివి అన్నాను. "వాయించినోడి మొహంలో తెలిసిపోద్ది," అంది.

బుధవారం సాయంత్రం బ్యాండువాళ్ళు నాకు ఎర్ర కోటిచ్చారు. అది పన్ను వాచినవాడి కోటు. అతను గెడకర్రలాంటి మనిషి. నేను మా ఆవిడ వంట తిని ఏడెనిమిదేళ్ళుగా స్థిరపడినవాణ్ణి. పొత్తి కడుపు దగ్గర బొత్తాము పట్టాలంటే ఊపిరి బిగబట్టాలి. ఊపిరి బిగబడితే క్లారినెట్టు పలకదు. మొదటి పాట మొదటి చరణంలోనే బంగారు రంగు బొత్తాము ఎగిరి పెట్రొమాక్స్ లైటు మోస్తున్న ఆవిడ నెత్తి మీది చుట్టకుదురులో పడింది. ఆవిడ తల కదపకుండా నన్ను చూసి, "ఉంచుకోనా, ఇచ్చీనా?" అంది.

అసలు చిక్కు కోటు కాదు. పాటలు.

నాకొచ్చిన సినిమా పాటలన్నీ పాతవి. పెళ్ళికొడుకు స్నేహితులు జీపు ముందు తువ్వాళ్ళు నడుముకి కట్టుకుని నిలబడ్డారు. నేను మొదలుపెట్టిన ప్రతి పాటకీ వాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఒకడు కొత్త సినిమా పేరు అరిచాడు. నాకు తెలీదు. ఇంకొకడు ఇంకో పేరు అరిచాడు. అదీ తెలీదు.

"ఒరే, ఈడెవుడ్రా, మా తాత పెళ్ళిలో వాయించినోడా?" అన్నాడు మూడోవాడు.

జనం నవ్వారు. బావ మొహం చూడలేకపోయాను. అతని తమ్ముడి పెళ్ళి నా వల్ల పాడైపోతోంది. డ్రమ్ము వాయించే పెద్దాయన నా పక్కకొచ్చి పళ్ళబిగువున అన్నాడు: "బాబూ, నీకొచ్చిందేదో ఊదు. ఆగితే సంపేత్తారు. నీ ఎనకాతల మేం వత్తాం."

నాకొచ్చిందేముంది? ప్రతి ఆదివారం ఆరాధన మొదట్లో వాయించే కీర్తన. ఆలోచించి వాయించలేదు. వేళ్ళు వాటంతటవే పోయాయి. ఒక్క పల్లవి అయ్యేసరికి డ్రమ్ము అందుకుంది. రెండోసారికి వేగం రెట్టింపైంది. అంత సాదా కీర్తనలో అంత గెంతు దాక్కుని ఉందని నాకప్పటిదాకా తెలీదు.

తువ్వాళ్ళవాళ్ళు ఊగిపోయారు. "ఏ సినిమా గురూ ఇది?" అని ఒకడు నా చెవిలో అరిచాడు. నోట్లో క్లారినెట్టుంది గనుక జవాబు చెప్పలేదు. ఇంకా విడుదల కాని సినిమా అయ్యుంటుందని వాళ్ళే తేల్చుకున్నారు. అయిపోగానే "మళ్ళీ!" అన్నారు. మళ్ళీ వాయించాను. మరోటి వాయించబోతే ఒప్పుకోలేదు. ఆ కీర్తన మీదే ఊరేగింపు మలుపు తిరిగి మా సంఘం ఉన్న వీధిలోకి వచ్చింది.

బుధవారం మాకు స్త్రీల ప్రార్థన కూడిక. ఆ సంగతి నాకు మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

లోపలున్న ఆడవాళ్ళకి వాళ్ళ కీర్తన వినపడింది. వినపడగానే అలవాటుగా లేచి పాడటం మొదలుపెట్టారు. పాడుతూ గుమ్మంలోకి వచ్చారు. అందులో చప్పట్లు కొడుతూ ముందు నిలబడింది మా ఆవిడ. ఎర్ర కోటులో నన్ను చూసి ఆపుతుందేమో అనుకున్నాను. ఆపలేదు.

గేటు దగ్గర మా సంఘ పెద్ద నిలబడి ఉన్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ప్రసంగం పొడుగైతే పాస్టరుగారికి గడియారం ఎత్తి చూపించేవాడు. అప్పుడు కూడా, ఊరేగింపుని ఆపడానికే కాబోలు, చెయ్యి పైకెత్తాడు.

పెళ్ళికొడుకు మేనమామ దాన్ని ఆశీర్వాదం అనుకున్నాడు. "సూసేరా, ఊరి పెద్దలు ఎదురొచ్చి మరీ దీవిస్తన్నారు!" అంటూ జీపులోంచి చామంతి దండ తీసుకుని పరుగున వెళ్ళి ఆయన మెడలో వేశాడు. బుగ్గలకి గంధం రాశాడు. వెనకున్న పెద్దావిడెవరో పన్నీరు జల్లింది. ఆడవాళ్ళు ఇంకో చరణం ఎత్తుకున్నారు. మెడలో దండా, బుగ్గల మీద గంధమూ ఉన్న మనిషి ఎవర్నీ కసరలేడు. నిలబడి చూశాడంతే.

ఆదివారం ఆరాధన తర్వాత విచారణ జరిగింది. పాస్టరుగారు, పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. నేను నిలబడ్డాను.

"దేవుని కీర్తనకి తాగినవాళ్ళు గెంతారు," అన్నాడు గార్డుగారు.

"అందరూ తాగలేదండి," అన్నాను.

"తాగనివాళ్ళు కూడా గెంతారా?" అన్నారు పాస్టరుగారు.

"వాళ్ళే ఎక్కువ గెంతారండి."

పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నారు. కానీ సంఘంలో శాంతి సమాధానాలు ముఖ్యం కదా. కొన్నాళ్ళు క్లారినెట్టు ఇంటి దగ్గర పెట్టి అందరితోపాటు కూర్చోమన్నారు.

ఆ రాత్రి మా ఆవిడతో, "నువ్వూ పాడినావు గదా, నీకు శిక్ష లేదేటి?" అన్నాను.

"పాట మనది. ఎక్కడినుంచొస్తే ఏటి, పాడకుండా ఎలాగుంతాను?" అంది.

మరుసటి ఆదివారం వెనక వరసలో చాప మీద కూర్చున్నాను. వాద్యం లేకపోవడంతో శ్రుతి ఇచ్చే బాధ్యత గార్డుగారు తీసుకున్నాడు. ఆయన స్వరం ఇంజను కూత దగ్గర మొదలైంది. మగవాళ్ళు అందుకోలేక కిందికి దిగిపోయారు. ఆడవాళ్ళు సగం దూరం వెళ్ళి ఆగిపోయారు. నాకు లోపల కొంచెం సంతోషం కలిగిన మాట నిజం.

నా పక్కన పూర్ణా మార్కెట్లో అరటిపళ్ళు అమ్ముకునే ముసలమ్మ కూర్చుంది. ఆమె గొంతు శ్రుతిలో కలవగా నేనెన్నడూ వినలేదు. ఆ గొంతు వినపడకుండా ఉండాలని క్లారినెట్టు గట్టిగా ఊదిన రోజులున్నాయి. ఆ వేళ ఆమె కళ్ళు మూసుకుని, ఎవరి శ్రుతీ పట్టించుకోకుండా, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడింది. అన్నేళ్ళూ నేను క్లారినెట్టు మూతిలో రీడు తడి చూసుకోవడం, పాట ఎత్తుకోవడం, ఆపడం, ఇవే చేశాను. కీర్తనలోని మాటలు వరసగా విన్నది ఆ రోజే. విన్నాక నేనూ పాడాను. నా గొంతు ఆమె గొంతుకన్నా ఘోరంగా ఉంది.

అలా కొన్ని ఆదివారాలయ్యాక ఆ ముసలమ్మే ఆరాధన మధ్యలో లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆ పీపీ ఊదే బాబుని మళ్ళీ తెండి. గార్డుగారి రాగం పట్టుకుంటే సింహాచలం కొండెక్కినట్టుంది. నాకు ఆయాసం."

జనం నవ్వారు. గార్డుగారు కూడా, ముందు మొహం గంటుపెట్టుకుని, తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. పాపం ఆయన గొంతు కూడా అప్పటికి బొంగురుపోయింది. ఆరాధనయ్యాక నా దగ్గరికొచ్చి, "వచ్చే వారం తీసుకురా. టైముకి రా," అన్నాడు.

తీసుకెళ్ళాను. ఎంత సంతోషంగా ఉన్నానంటే కీర్తన ఎత్తుకోవడమే ఊరేగింపు వేగంతో ఎత్తుకున్నాను. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. సంఘం నా వెనకాల పరుగెత్తింది. పిల్లలు గెంతారు. ఒక కీర్తన వేగం రెండోదానికి పట్టింది, రెండోదాని వేగం ప్రార్థనకి పట్టింది, ఆఖరికి పాస్టరుగారు కూడా ప్రసంగం గబగబా చెప్పేశారు. గార్డుగారు గడియారం ఎత్తాల్సిన అవసరమే రాలేదు. అందరం బయటికొచ్చేసరికి ఎండ ఇంకా గుమ్మం దాకా రాలేదు. పాస్టరమ్మగారు మెట్ల మీద నిలబడి, మధ్యాహ్నం భోజనానికి పిలిచిన చుట్టాల్ని చూస్తూ, "నేనింకా ఎసరైనా పెట్టలేదు," అని తల పట్టుకున్నారు.