నొప్పి చెప్పని కాకా

నడుము తెరిచి చేసే ఆపరేషన్లంటే నాకు భయం లేదు. నరం కళ్లెదుటే ఉంటుంది. దుర్బీన్‌తో చేసేటప్పుడు కెమెరా ఉన్న పెన్నంత లావు గొట్టం లోపలికి పోతుంది, నరాన్ని తెరమీద వెతుక్కోవాలి. నేర్పిన పెద్ద డాక్టరు పక్కన ఉన్నంతకాలం ధైర్యంగానే చేశాను. నాందేడ్‌లో ఒక్కదాన్నే చేయాల్సిన మొదటి రోజు పొద్దున మాత్రం టీ ముట్టకుండానే ఆస్పత్రికి వచ్చేశాను.

పేషెంటు ఆ జిల్లాలోనే, తెలంగాణ సరిహద్దున ఉన్న హిమాయత్‌నగర్ వైపు పత్తి రైతు. ఎడమకాలి నొప్పితో చేను ముఖం చూసి ఎన్నాళ్లయిందో. గుండె బలహీనం, పూర్తి మత్తు ఇవ్వలేం. నడుము దగ్గర మాత్రం మొద్దుబారే సూది ఇచ్చాం. మనిషి మెలకువగానే ఉంటాడు. గొట్టం నరానికి తగిలితే కాలు గుంజుతుంది, ఆ మాట ఆయనే చెప్పాలి. చెప్పకపోతే కాలు పడిపోవచ్చు. ఇదంతా పొద్దునే ఆయన చెయ్యి పట్టుకుని వివరించాను. అన్నింటికీ తలూపాడు.

గొట్టం లోపలికి పోయింది. తెరమీద ఏది కొవ్వో ఏది నరమో తేలడం లేదు.

“నొప్పి ఉన్నదా కాకా?”

“ఏం లేదు డాక్టరమ్మా. మీ పని మీరు చేసుకోండ్రి.”

ఇంకాస్త లోపలికి పోనిచ్చాను. ఆయన తల దగ్గర నిలబడ్డ సిస్టర్ “మేడమ్, ఆగండి” అంది. ఆయన దుప్పటిని పిడికిట బిగించి పళ్లు కొరుక్కుంటున్నాడట.

గొట్టం వెనక్కి లాగాను. కోపం ఆగలేదు.

“ఏంది కాకా! కాలు గుంజుతుంటే చెప్పవా? కాలు పోతే నేనేం చెయ్యాలె?”

బోర్లా పడుకున్న మనిషి మెల్లగా అన్నాడు: “పొద్దున నా చెయ్యి పట్టుకున్నప్పుడు మీ చెయ్యి సల్లగుండె. నేను ఒర్రితే ఇంకింత బుగులు పడ్తరని ఊకున్న.”

సిస్టర్ ముందు సిగ్గుతో చచ్చిపోయాను. దాచి లాభం లేదు.

“అవు కాకా, బుగులుగనే ఉన్నది. నువ్వు ఒర్రకుంటే ఇంకా బుగులైతది.”

ఈసారి కాస్త పక్కగా పోయాను. ఆయన గోల మొదలుపెట్టాడు. “గుంజుతున్నది! ఇప్పుడు లేదు. అయ్యో, మల్ల అచ్చింది!” ఆ అరుపులను బట్టి జరుగుతూ, నరాన్ని నొక్కుతున్న డిస్కు ముక్కను పట్టి బయటికి తీశాను.

అయినా భయం పోలేదు. ఆయన ఓర్చుకున్న ఆ కాసేపట్లో నరానికి ఏమైందో! వెల్లకిలా తిప్పించి, ఎడమకాలి బొటనవేలు పైకి లేపమన్నాను. లేపాడు. కిందికి నొక్కాను, వంగలేదు. నరం దెబ్బతింటే వేలికి ఆ బలం ఉండదు. నమ్మకం కుదరక ఇంకా గట్టిగా నొక్కాను.

“నొస్తున్నదమ్మా, ఇడువుండ్రి!” అని ఒర్రాడు.

మాస్కు లోపల నాకు ఏడుపొచ్చింది.