ఢిల్లీలో అమ్మగారి వంత

చోడవరం నుంచి తొలి బస్సు చీకటి విడవక ముందే బయలుదేరుతుంది. ముందు సీటు కావాలంటే డ్రైవరు టీ తాగుతుండగానే ఎక్కి కూర్చోవాలి. ఆ వేళ నలుగురం ఎక్కవలసింది, ముగ్గురమే ఎక్కాం.

మొదటివారు మా గురువుగారు సన్యాసయ్య గారు. వీధి భాగవతంలో అలిగిన రాణి వేషం కడితే మాడుగుల నుంచి అనకాపల్లి దాకా ఆయనకు సాటి లేదు. దేశమంతటా కళాకారులను ఏరి, ఢిల్లీలో రాష్ట్రపతి చేతుల మీదుగా చేసే సన్మానానికి ఆ ఏడు ఆయన పేరు వచ్చింది. రెండోవాణ్ణి నేను. ఉద్యోగం బడిపంతులు, ప్రాణం మద్దెల. మూడోవారు గురువుగారి భార్య నరసమ్మ గారు. ఉత్తరాది తిండి ఆయనకు పడదని కుంపటి, బియ్యం, చింతపండు మూట కట్టుకుని బయలుదేరారు. బస్సెక్కనివాడు వంత పాడే కన్నయ్య. జ్వరంతో లేవలేకపోతున్నాడని వాళ్ళన్న వచ్చి చెప్పాడు.

వంత అంటే చిన్న పని కాదు. రాణి పాడిన చరణాన్ని వెనక నుంచి అందుకోవాలి. వేషగాడు ఊపిరి తీసుకునేది ఆ సందులోనే. రాణికి చెలికత్తెగా జవాబులు చెప్పవలసిందీ అతనే. బస్సు కదిలాక గురువుగారు ఒకటే మాటన్నారు.

"శాలువా కప్పించుకుని వచ్చీద్దాం మేస్టారూ. ఆట మాత్రం ఆడను. వంత లేని ఆట ఆడి నవ్వులపాలవనేను."

సన్మానం నాటి సాయంత్రం గౌరవం పొందినవాళ్ళంతా తమ విద్య కాసేపు చూపించాలి. మా ఆట పేరైనా ఢిల్లీవాళ్ళు విని ఉండరు. చూపించకుండా వస్తే ఇక ఎప్పటికీ వినరు. ఆ దిగులుతోనే అనకాపల్లిలో బెజవాడ బండి ఎక్కాను. బెజవాడ స్టేషను పక్క హోటల్లో గోంగూర, గడ్డపెరుగుతో మంచి భోజనం దొరికినా రుచించలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఢిల్లీ వెళ్ళే గ్రాండ్ ట్రంకు రైలు అందుకున్నాం. మూడో తరగతిలో చోటు దొరకనివాళ్ళు సొంత ట్రంకుపెట్టె మీద కూర్చోవాలి. అందుకని వెళ్ళేవారు గట్టి పెట్టె తీసుకెళ్ళండి. మా ఎదుట శ్రీకాకుళం వైపు హవల్దారు ఒకాయన, సెలవు అయిపోయి ఝాన్సీ వెళ్తున్నాడు. మన మాట వినగానే దగ్గరికి జరిగాడు.

"ఏటి బాబూ, మద్దెలతో ఢిల్లీ ఎల్తన్నారు? పెళ్ళా?"

సంగతి చెప్పాను. ఆయన లేచి నిలబడి గురువుగారికి సెల్యూట్ చేశాడు. నరసమ్మ గారి వైపు తిరిగి, "అయితే అమ్మా, తమరు ఈ రాణీగారి ఆట ఎన్నిసార్లు సూసుంటారు?" అని అడిగాడు.

"ఒక్కపాలీ సూడలేదు," అన్నారావిడ.

నాకు తెలిసిన సంగతే. పెళ్ళయిన కొత్తలో ఆవిడ కన్నవారి ఊళ్ళో ఎవరో, నీ మొగుడు నీకంటే బాగా కొప్పు ముడుస్తాడట కదా అని నవ్వారు. ఆ రోజే ఆట చూడనని ఒట్టేసుకున్నారు. పట్టుదల మనిషి. గురువుగారి చీరలు ఉతికి, జడ అల్లి పంపేవారే కాని పందిరి దగ్గరికి ఏనాడూ రాలేదు. రమ్మని ఆయనా అడగలేదు.

సాయంత్రానికి నాగపూరు వచ్చింది. హవల్దారు బుట్టెడు కమలాపళ్ళు కొన్నాడు. పళ్ళు తింటూ, "గురువుగారూ, ఒక్క ముక్క ఇనిపించండి," అని బతిమాలాడు. గురువుగారు కాదనలేక రాణి వస్తూ పాడే ప్రవేశ దరువు ఎత్తుకున్నారు. నేను మోకాలి మీద వేళ్ళతో తాళం వేశాను. చరణం చివర ఆయన ఆగారు. అందుకునేవాడు లేడు.

అప్పుడు తొక్క తీస్తున్న చేతులు ఆపకుండా, తల ఎత్తకుండా నరసమ్మ గారు ఆ చరణం అందుకున్నారు. సన్నగా, సూటిగా, సరిగ్గా తాళం మీద. రైలుపెట్టెలో మాటలు ఆగిపోయాయి.

"ఎక్కడ నేర్చీసుకున్నావే?" అన్నారు గురువుగారు.

"నేర్సుకోడం ఏటి మావా? పెళ్ళయినకాడ్నించి పొద్దున్నా సాయంత్రం అరుగు మీద నువ్వు పాడతావుంటే, వంటింట్లో నాకు సెవులు లేవా?"

ఆయన చేతిలోని పండు పక్కన పెట్టారు. తరవాత మెల్లిగా, "ఇన్నేళ్ళూ నాను నిన్ను రమ్మనలేదు. తప్పకుండా కాదంటావని బయం. ఇప్పుడడుగుతన్నాను. నాకు వంత పాడు," అన్నారు.

ఆవిడ మరో పండు తొక్క తీయసాగారు. మర్నాడు ఝాన్సీలో హవల్దారు దిగిపోతూ కూడా, "ఒప్పుకోండమ్మా," అనే దిగాడు. గ్వాలియరు కోట కిటికీలోంచి దాటిపోతుండగా ఆవిడే మాట కదిపారు.

"ఒట్టేసింది సూడనని. పాడనని ఏసేనా?"

ఆ సాయంత్రం ఢిల్లీ చేరాం. శివరాత్రి వెళ్ళినా అక్కడ చలి వదలలేదు, దుప్పటి మరవకండి. బస మాత్రం శుభ్రంగా ఉంది. వంటవాడికి మాడుగుల హల్వా రుచి చూపించేసరికి కుంపటి పెట్టుకోవడానికి చోటిచ్చాడు.

మర్నాడు ఉదయం పెద్ద హాలులో సన్మానం జరిగింది. గురువుగారు ముతక పంచెతో, గంభీరంగా నడిచివెళ్ళి శాలువా, రాగిరేకు అందుకున్నారు. నేను చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. ఇంగ్లీషులో చదివిన ఆయన పేరు మాకే అర్థం కాలేదు గాని, చోడవరం అన్న మాట మాత్రం స్పష్టంగా వినపడింది.

సాయంత్రం ఆట. గురువుగారు వేషం కట్టుకుంటుంటే ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. వేదిక మీద వంత నిలబడేది వెనకే కదా, వీపు చూస్తే చూసినట్టు కాదని ఆవిడ లెక్క. దరువు మొదలైంది. ఆయన పాడతారు, ఆవిడ అందుకుంటారు. మద్దెల వేళ్ళ కింద పరుగెత్తుతోంది.

అలక ఘట్టం వచ్చింది. రాణి చెలికత్తె వైపు తిరిగి, రాజు నామీద కోపగించుకున్నాడా అని అడగాలి. గురువుగారు తిరిగారు. జడ, ముక్కెర, కళ్ళనిండా నీళ్ళు. నరసమ్మ గారి కళ్ళు ఆ ముఖం మీద పడ్డాయి. పడి అక్కడే ఉండిపోయాయి. జవాబు రాలేదు.

నేను తాళం ఒక ఆవర్తనం వాయించాను. మరొకటి వాయించాను. గురువుగారు అదే ప్రశ్న మళ్ళీ అడిగారు, ఈసారి రాణి గొంతుతో కాదు.

"లేదు," అన్నారావిడ. "కోపం ఎప్పుడో పోనాది."

అది మా పాఠంలో లేని మాట. భాష తెలియకపోయినా ముందువరసలో ఎవరో శాలువాతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ వెంటనే ఆవిడ చరణం ఎత్తుకున్నారు, ఆటను చివరిదాకా పట్టుకొచ్చారు. చప్పట్ల హోరులో నా మద్దెల నాకే వినపడలేదు.

తిరుగుప్రయాణంలో ఆగ్రా దాటాక, ఆట ఎలా ఉందమ్మా అని అడిగాను.

"బాగానే ఉంది బాబూ. కాపోతే సెప్పకూడదు గానీ, అలిగిన ఆడది అంత గబాల్న మెత్తబడిపోదు."

గురువుగారు సర్దుకుని కూర్చున్నారు. "మరెలాగే?"

ఆవిడ కొంగు సవరించుకుని మెడ పక్కకి తిప్పారు, అంతే. ఢిల్లీ, గ్వాలియరు, నాగపూరు, నేను చూసిన దేశమంతా ఆ తిప్పుడు ముందు వెనకబడింది. గురువుగారు ఆవిడనే చూస్తూ తన మెడను అలాగే తిప్పారు. కుదరలేదు. మళ్ళీ తిప్పారు.