కనపడని నాలుగు జీబీ

మా మామయ్య ఎంబ్రాయిడరీ దుకాణంలో రెండు కంప్యూటర్లు, ఇద్దరు కోడళ్ళు. కంప్యూటర్లను బాగుచేసే పని నాది. కోడళ్ళను బాగుచేయడం నా తరం కాదు.

పెద్దకోడలిని నేను పెద్దక్క అంటాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమెదే పెద్ద కుట్టు యంత్రం. దాని మీద ఇంకొకరు చెయ్యేస్తే సహించదు. అలాంటి మనిషికి, నిన్నగాక మొన్నొచ్చిన చిన్నకోడలి కంప్యూటర్లో ఎనిమిది జీబీ మెమరీ వేశానని తెలిసింది. ఇక చూస్కోండి.

“దానికి ఎనిమిది, నాకు నాలుగా? దానికేమైనా కొమ్ములున్నాయా?”

“అక్కా, ఆవిడ గీసేవి పెద్ద బొమ్మలు. నీ కంప్యూటర్ నడిపే కుట్టు యంత్రానికేమో పాత సిస్టమే పడుతుంది. దానికి నాలుగు జీబీ దాకానే లెక్కొచ్చు. ఆపైన ఎంత పెట్టినా, నంబరు లేని ఇంటికి ఉత్తరం రాసినట్టే.”

“నాకు కథలు చెప్పకు. దాని దాంట్లోంచి సగం పీకి నాకు పెట్టు.”

మామయ్య గొడవెందుకని తలూపాడు. చిన్నకోడలు మూతి కూడా ముడవకుండా, “అక్కకి కావాలంటే ఇచ్చెయ్యండన్నయ్యా” అంది. ఆ మంచితనానికి పెద్దక్కకు మరీ ఒళ్ళు మండింది.

పెట్టాను. తెర మీద పడింది: ఉన్నది ఎనిమిది, వాడుకోగలిగింది మూడుంపావు. నేను చెప్పిందే జరిగింది. పెద్దక్క మాత్రం ఆ ఎనిమిదినే చూసుకుంటూ కూర్చుంది.

ఆ వారమే ఒక హోటల్ వాళ్ళొచ్చారు. కర్టెన్ల నిండా ఎగిరే కొంగలు కావాలట, శనివారానికి నమూనా చూపించాలట. ఆ ఆర్డరొస్తే దుకాణం నిలబడుతుంది, రాకపోతే పెద్ద యంత్రం అమ్మెయ్యాల్సిందే అని మామయ్య అందరి ముందూ చెప్పాడు.

చిన్నకోడలు బొమ్మ మొదలుపెట్టింది. సగం కొంగలు గీసేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయేది. మళ్ళీ మొదటికొచ్చేది. ఆ రెండు కంప్యూటర్లకూ పట్టే పాతరకం మెమరీ కోసం నేను బజారంతా గాలించాను. ఎక్కడా దొరకలేదు. చివరికి పెద్దక్క దగ్గరికే వెళ్ళి బతిమాలాను.

“నాలుగు రోజులకి ఇచ్చెయ్యక్కా. పోయేది నీ యంత్రమే!”

“ఇస్తే గెలిచేది అదేగా! ఇంటిల్లిపాదీ దాన్నే నెత్తిన పెట్టుకుంటారు. నేను చూడలేను.”

ఛీ, ఏం మనిషని తిట్టుకుంటూ వచ్చేశాను. శనివారానికి తెర మీద మూడు కొంగలు, ఒక రెక్క మిగిలాయి. హోటల్ వాళ్ళు వీధి చివరి దుకాణానికి వెళ్ళిపోయారు.

యంత్రాన్ని మోసుకెళ్ళే మనుషులొచ్చిన రోజు, పెద్దక్క దాన్ని గుడ్డతో తుడిచి, సూది తీసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జాలేసింది. ఖాళీ అయిన మూలలో ఆమె కంప్యూటర్ ఒక్కటే మిగిలింది.

“ఇప్పుడైనా ఆ మెమరీ తీసి చిన్నకోడలికిచ్చెయ్యనా అక్కా? నీ కంప్యూటర్‌కి అది ఒక్కరోజు కూడా కనపడలేదు కదా.”

పెద్దక్క కంప్యూటర్ మీద చెయ్యేసింది.

“కనపడకపోతేనేం? దాని దగ్గరా లేదుగా.”