కొర్రమట్టల జంట కోసం

"సోమవారం పొద్దుగాల ట్రాక్టర్ వస్తది. అప్పటికి నీ చేపలు నీళ్ళల్ల ఉంటే సరి, లేకుంటే కుంట పూడ్చి పత్తి పెడ్త" అని మా ఆయన తేల్చి చెప్పాడు. మా రఘునాథపల్లి పొలంలో ఆ కుంట కోసం పంతం పట్టింది నేనే. నిరుడు కొర్రమట్ట చేపపిల్లల్ని కొని, చిన్నవీ పెద్దవీ వేరుచెయ్యకుండా వదిలాను. పెద్దవి చిన్నవాటిని మింగేశాయి. ఊరు ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ! కొద్దిపాటి నీళ్ళలో బతికే చేప, బజారులో ప్రాణంతో అమ్ముడుపోయే చేప మనకు ఇంకేది ఉంది? ఒక జంట తెచ్చుకుంటే పిల్లలు నా కుంటలోనే పుడతాయి కదా అని, ఖాళీ పెయింట్ డబ్బా పట్టుకుని శనివారం బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు జనగామలో రైలెక్కాను. ఎదురు సీటు పెద్దాయన డబ్బా సంగతి విని నోరు తెరిచాడు. "కొర్రమట్ట దొరికితే పులుసు పెడ్తరు గని, సాదుతరా బిడ్డా?"

"ముందు సాదుత బాపూ, పులుసు తర్వాత" అన్నాను.

మహబూబాబాద్‌లో ఇడ్లీ తిని కొత్తగూడ బస్సెక్కాను. బస్సుల్లో ఆడవాళ్ళకు డబ్బులు లేని జీరో టికెట్టే కాబట్టి ఖర్చంతా తిండికే. పదకొండింటికి అక్కడి ఒక తండాలో చాందీ ఇల్లు చేరాను. చేపలు పట్టడంలో ఆమెకు పేరుంది. నన్ను నేరుగా తన కుంట గట్టు మీదికి తీసుకుపోయింది. నీళ్ళపైన కుంకుమ చల్లినట్టు ఎర్రటి పిల్లల గుంపు కదులుతోంది.

"కింద తల్లీ తండ్రీ కావలున్నయి. కప్పొచ్చినా తరుముతయి" అంది.

"ఆ జంటనే ఇయ్యరాదక్కా."

"పిల్లలున్న జంటను ముట్టం. పట్టుకుంటే ఆ గుంపంతా ఆగమైతది" అని కసిరింది. తర్వాత మెత్తబడి, భూపాలపల్లిలో ఉన్న తమ్ముడు లాల్‌సింగ్‌కు ఫోన్ చేసింది. అతని చెరువులో ఇంకా గుడ్లు పెట్టనివి ఉన్నాయట.

నర్సంపేట, ములుగులో బస్సులు మారి సాయంత్రం ఐదింటికి భూపాలపల్లి చేరాను. ఆ రాత్రి లాల్‌సింగ్ ఇంట్లోనే పడుకున్నాను. ఆదివారం తెల్లవారగానే అతను వల లాగి, పొట్ట ఉబ్బిన ఆడదాన్నీ, సన్నటి మగదాన్నీ డబ్బాలో వేశాడు.

"నాలుగు వేళ్ళ జాగా ఖాళీ ఉంచు అక్కా. ఇది పైకొచ్చి గాలి మింగుతది. మూత పెట్టకు, గీ వల కట్టు."

తొమ్మిదింటి హనుమకొండ బస్సు కిక్కిరిసి ఉంది. నాకు వెనక సీటు దొరికింది. వల కట్టిన డబ్బానూ, పక్కన దాని మూతనూ ముందు కూర్చున్న ఒక అవ్వ కాళ్ళ దగ్గర పెట్టి, "జర చూస్తుండవ్వా" అన్నాను. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. పైగా నిద్రపోయాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి!

హనుమకొండలో దిగి చూస్తే డబ్బా మీద మూత బిగించి ఉంది. మూత తీశాను. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఆడది ఒక్కసారిగా పైకొచ్చి నోరు తెరిచింది. మగది తెల్లటి పొట్ట చూపిస్తూ తేలింది.

"పరకాలల ఆగినప్పుడు నీళ్ళు తక్కువున్నయని పోసిన బిడ్డా. దుంకుతయేమోనని మూత బిగించిన" అంది అవ్వ. పైన గాలి అందకనే మగది చచ్చిందని చెప్పగానే ఏడుపు అందుకుంది. "నా చేతులిరగ! నేనే సంపితినా?"

నాకూ ఏడుపొచ్చింది. అయినా ఆమెను ఏమనగలను? చేపకు నీళ్ళు పోయడం తప్పని ఎవరనుకుంటారు? మగదాన్ని తీసి ఆమె సంచిలో పెట్టాను. "పులుసు పెట్టుకో అవ్వా. తాజాగనే ఉంది."

సగం నీళ్ళు పారబోసి లాల్‌సింగ్‌కు ఫోన్ చేశాను. "ఇంకోటి దొరుకుతుందో లేదో చెప్పలేనక్కా. వల మాత్రం ఏస్త, రా" అన్నాడు. ఎదురుగా జనగామ బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. దాన్ని పోనిచ్చాను.

మీలో ఎవరైనా కొర్రమట్టను తెచ్చుకోబోతే నా మాట వినండి: కళ్ళు డబ్బా మీదే ఉంచండి. దానికి నీళ్ళెంత ముఖ్యమో పైనున్న గాలి కూడా అంతే ముఖ్యం.

భూపాలపల్లి బస్సెక్కి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏంది, ఒడిసిందా నీ కథ?" అన్నాడు.

"సగమొచ్చింది. మిగతా సగానికి మళ్ళ పోతున్న. నేనొచ్చి ఆ గట్టు మీద నిలబడేదాక కుంటల తట్టెడు మట్టి పడొద్దు" అని ఫోన్ పెట్టేశాను.